పల్లంలో నేర్చుకున్న కొండ నడక

కొండ నడక నేర్చుకుందామనుకునేవాడికి కోనసీమంత పనికిమాలిన చోటు ఇంకోటి ఉండదు. ఊరి మీద ప్రేమ లేక అంటున్న మాట కాదిది. కొత్తపేటలో మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు నడుపుకుంటూ, ముప్పై మూడేళ్ళ వయసులో దీనికోసం రెండు శీతాకాలాలు అగచాట్లు పడ్డవాణ్ణి కాబట్టి అంటున్నాను. మా వైపు నేల ఎటు చూసినా ఒకే మట్టం. ఎత్తంటే ఏటిగట్టు, లేదంటే కొబ్బరిచెట్టు. గట్టు ఎక్కడానికి ఇరవై అంగలు చాలు. చెట్టు ఎక్కడం నడక కిందికి రాదు.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలోనే. సాయంత్రం కొట్టు కట్టేసి, చేతులకంటిన వార్నిష్ కిరసనాయిలుతో కడుక్కుని వెళ్ళి, బల్ల మీద లైటు తీసేసేదాకా కూర్చునేవాణ్ణి. వైండింగ్ పని సగం గురువు దగ్గర నేర్చుకుంటే సగం అక్కడ నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

తొంభైల చివర ఒక ఏడాది, అడుగు అరలో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. కొండల్లో నడవడం మొదలుపెట్టేవాళ్ళ కోసం ఎవరో రాసింది. మొదటి పేజీలు లేవు గనక ఎవరు రాశారో తెలియదు. పక్కన నిఘంటువు పెట్టుకుని మూడు నెలలు చదివాను. పటం మీద గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ ఏటవాలు ఎక్కువని, ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసుకోవాలని, పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవాలని, కొత్త బూట్లతో ఎప్పుడూ కొండకు వెళ్ళకూడదని, అన్నీ నోటుపుస్తకంలో తెలుగులో రాసుకున్నాను. అప్పటికి నేను ఎక్కిన కొండ అన్నవరం ఒక్కటే. అది కూడా బస్సులో.

అమలాపురంలో జూనియర్ కాలేజీ లెక్చరరు గారొకాయన తన తోటలోని మోటారు కాలిపోతే మా కొట్టుకు తెచ్చారు. తీగ చుట్టడం అయ్యేదాకా బల్ల మీదున్న నా నోటుపుస్తకం తిరగేస్తూ కూర్చున్నారు.

"ఇదెవరు రాసేరండీ?" అన్నారు.

"నేనేనండి."

"ఏ కొండలు తిరిగేరేంటి?"

"తిరగలేదండి. చదివేను."

ఆయన నవ్వారు. "చదివితే కాళ్ళు నెప్పెట్టవు కదండీ మరి."

ఆ నవ్వు చెడ్డది కాదు. అయినా నాకు తగిలింది. డిగ్రీ ఉన్నవాడు చదివానంటే ఎవరూ నవ్వరు. మోటార్ల మేస్త్రి అంటేనే నవ్వొస్తుంది. ఆయన ప్రతి శీతాకాలం నలుగురైదుగుర్ని వెంటబెట్టుకుని రంపచోడవరం అవతల ఏజెన్సీ కొండల్లోకి వెళ్తారని అప్పుడే తెలిసింది. నన్నూ తీసుకెళ్ళమని అడిగాను. నేను రాసుకున్నది నిజమో కాదో నా కాళ్ళతో చూసుకోవాలి. ఒక్కసారైనా కొండ మీదికి నడిచి వెళ్ళి నిలబడాలి. ఆ రోజు నుంచి నాకు కావలసింది అదొక్కటే అయింది.

"డిసెంబర్లో ఓ ఆదివారం నేనే వస్తానండి," అన్నారాయన. "పదిహేను కిలోమీటర్లు. వీపు మీద ఎనిమిది కేజీలు. మూడు గంటలు. మధ్యలో కూర్చోకూడదు, బండెక్కకూడదు. నడిచేరా, జట్టులో ఉంటారు."

చాలా తేలికనిపించింది. అమలాపురం వెళ్ళి తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కున్నాను. మరుసటి ఆదివారం పొద్దున్నే సంచిలో రెండు ఇటుకలు వేసుకుని, అంబాజీపేట వైపు కాలువ గట్టు మీద బయల్దేరాను. అరకిలోమీటరు పోలేదు, వెనక నుంచి స్కూటరొచ్చి ఆగింది. మాకు తెలిసిన రైతే.

"ఏవండీ మేస్త్రిగారూ, సైకిలేమైందండీ?"

"బానే ఉందండి. నడుస్తున్నాను."

"అదేనండి, నడుస్తున్నారేంటా అని. ఎక్కండి."

"వద్దండి. ఊరికే నడుద్దామని."

"ఊరికే ఎవరైనా నడుస్తారాండీ? కోపమొచ్చిందా ఏంటి? మొన్న మా మోటారు అమలాపురంలో కట్టించేననా?"

ఎక్కాను. ఎక్కకపోతే ఆ మాట సాయంత్రానికల్లా మా వీధికి వచ్చేస్తుంది. నాకేమీ పని లేని ఒక ఊళ్ళో దింపి ఆయన వెళ్ళిపోయాడు. వెనక్కి నడుద్దామంటే ఒక ఇంటివాళ్ళు కాఫీకి పిలిచారు, ఇంకో ఇంటివాళ్ళు బొండాం కొట్టి చేతిలో పెట్టారు. మా వైపు మర్యాద గురించి పై ఊళ్ళవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ మర్యాద మధ్య ఒక మనిషి తన మానాన తాను మూడు కిలోమీటర్లు నడవడం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు. నాలుగు ఆదివారాలు ప్రయత్నించాను. ఒక్కసారి కూడా ఏకబిగిన రెండు కిలోమీటర్లు దాటలేదు. ఒకాయన నన్ను ఆపి, కూర్చోబెట్టి, ఇడ్లీ పెట్టించి, ఒంట్లో షుగరేమైనా ఉందా, డాక్టరు నడవమన్నాడా అని చాలా జాలిగా అడిగాడు. లేదంటే నమ్మలేదు.

"ఏవండీ," అంది మా ఆవిడ, "మీ ఆయన సైకిలు అమ్మేసేడా అని పక్కవీధావిడ అడుగుతుందండి. ఏం చెప్పమంటారు?"

సైకిలు తీసి వీధిలోకి కనిపించేలా గుమ్మం ముందు పెట్టాను.

అయిదో ఆదివారం పలివెల దాటాక, అరుగు మీద కూర్చున్న ఒక మామ్మగారు నన్ను పిలిచారు. ఎనభై ఏళ్ళుంటాయి. నా సంచీ, నా చెమటా చూసి, "మొక్కా బాబూ?" అన్నారు.

అప్పటికే ఆ పొద్దున ఇద్దరికి సంజాయిషీ చెప్పి ఉన్నాను. ఓపిక లేక, "ఆయ్," అన్నాను.

"అప్పనపల్లికా?"

"ఆయ్."

అక్కడితో నా కష్టం తీరిందనుకున్నాను. నిజంగానే సగం తీరింది. బాలాజీ గుడికి మొక్కు మీద నడిచి వెళ్ళేవాణ్ణి మా వైపు ఎవరూ బండెక్కమనరు, కూర్చోమనరు. మాట పాకిపోయింది. స్కూటర్లు దూరంగా తప్పుకుని వెళ్ళేవి. కానీ మామ్మగారు నన్ను వదిలే ముందు నా కాళ్ళ వంక చూశారు.

"మొక్కు నడక్కి బూట్లేంటి బాబూ, తప్పు కదూ?"

బూట్లు విప్పి సంచిలో పెట్టుకున్నాను. ఆవిడ లోపలికెళ్ళి పీచు తీసిన కొబ్బరికాయ ఒకటి తెచ్చి, పసుపు రాసి నా చేతికిచ్చారు. "నా మోకాళ్ళ నెప్పి తగ్గాలని చెప్పి కొట్టు బాబూ. నేనెలాగూ రాలేను."

ఆ తర్వాత దారి పొడుగునా అదే. కూతురి పరీక్ష కోసం ఒకరు, ఈనలేక బాధపడుతున్న గేదె కోసం ఒకరు, కోర్టులో ఉన్న గట్టు తగాదా కోసం ఒకరు. మూడు ఆదివారాల్లో పదకొండు కాయలయ్యాయి. ఏదో ఒక రోజు బస్సెక్కి వెళ్ళి అన్నీ కొట్టేసి రావాలనుకుంటూనే ఉన్నాను. ఒక రాత్రి వాటిని కొట్టులోని కాటా మీద పెట్టి చూస్తే, బూట్లతో కలిపి ఇంచుమించు ఎనిమిది కేజీలు తూగాయి. ఇటుకలు తీసేశాను. కాయలు గుండ్రంగా ఉంటాయి, వీపుకు గుచ్చుకోవు. బస్సు మాట వాయిదా పడింది. తరవాత వెళ్తానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి దేవుడి కోసం ఇచ్చిన కాయల్ని బరువు రాళ్ళు చేసుకున్నాను.

లెక్చరరు గారు అన్నట్టే ఒక ఆదివారం మొదటి బస్సుకు దిగారు. సంచీ ఎత్తి చూశారు. నా పాదాల వైపు చూశారు.

"బూట్లేవండీ?"

"సంచిలో ఉన్నాయండి."

"కొండెక్కేది మీరా, సంచీయా?"

పలివెల దాటేదాకా బాగానే నడిచాం. మామ్మగారి ఇల్లు వస్తోందని నాకు తెలుసు. రోడ్డుకు అటు పక్కగా తల వంచుకుని వెళ్ళబోయాను. ఆవిడ అప్పటికే చెంబుతో వీధిలోకి వచ్చేసి, నన్ను ఆపి, నా పాదాల మీద నీళ్ళు పోశారు.

"ప్రసాదం తేలేదేం బాబూ? మూడు వారాలు కాలేదూ?"

"తెస్తానండి మామ్మగారూ."

"కాయ కొట్టేవా?"

"కొడతానండి."

"కొడతావా? ఇంకా కొట్టలేదా? నెప్పి అలాగే ఉందేంటా అనుకుంటున్నాను." ఆవిడ కోప్పడలేదు. ఏదో లెక్క తేలినట్టు తల ఊపారు. "మరి కాయేది?"

సంచీ ఎత్తి చూసిన లెక్చరరు గారికి అందులో గుండ్రంగా ఏమున్నాయో తెలుసు. "భద్రంగానే ఉందండి మామ్మగారూ. ఆయన వీపు మీదే ఉంది," అన్నారు.

నాలుగడుగులు వేశాక నన్ను ఆపారు. "మీకు మొక్కుందా?"

"లేదండి."

జరిగిందంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నాకు గుళ్ళతో పెద్ద పని లేదండి. కానీ ఆవిడ మూడు వారాలు మీ కోసం వీధిలోకి చూసేరు," అన్నారు. "పదిహేను కిలోమీటర్లు వద్దులెండి. అప్పనపల్లి దాకా పదండి. ఇవన్నీ కొట్టేక అప్పుడు మాట్లాడుకుందాం."

ఇంచుమించు రెండింతల దూరం. కాదనడానికి నాకు ముఖం లేదు. గన్నవరం దగ్గర ఏటి మీదుగా కాలువను దాటించే అక్విడక్టు దాటేటప్పటికి ఎండ నెత్తికెక్కింది. దారిలో లెక్చరరు గారు టీ కొట్ల దగ్గర రెండుసార్లు బల్ల మీద కూర్చున్నారు. నేను పక్కన నిలబడే ఉన్నాను. సాయంకాలం నాలుగింటికి గుడికి చేరాం. పదకొండు కాయలూ ఒక్కొక్కటే, ఎవరిది ఎందుకో చెప్పుకుంటూ కొట్టాను. ఒక్కటీ మర్చిపోలేదు. ఆయన నా సంచీ పట్టుకుని బయట నిలబడ్డారు. తిరుగు బస్సులో కళ్ళు మూసుకునే ముందు, "సంక్రాంతి తర్వాత వెళ్తున్నాం. మీరూ ఉన్నారు," అన్నారు.

మర్నాడు పదకొండు ఇళ్ళకూ చిప్పలు అందజేశాను. మామ్మగారు కళ్ళకద్దుకుని, "నడిచే వెళ్ళేవా?" అన్నారు. ఆయ్ అన్నాను.

నా తప్పంతా ఇక్కడి నుంచే మొదలైంది. ముప్పై కిలోమీటర్లు కూర్చోకుండా నడిచాను. లెక్చరరు గారు చెప్పిన కొండ దారి పైకి ఆరు కిలోమీటర్లే. ముప్పైలో ఆరు ఎంతో ఎవరికైనా తెలుసు. పల్లంలో పుట్టినవాడు దూరాన్ని అడ్డంగానే కొలుస్తాడు. పుస్తకంలో పొడుగు వేరు, ఎత్తు వేరు అని చదివి, నా చేత్తో నేనే రాసుకుని కూడా అదే లెక్క వేశాను. మిగిలిన ఆదివారాలు నడక మానేసి లైబ్రరీలో కూర్చుని, మేఘాల గురించి చదివాను.

కొండ మొదట్లో ఆరుగురం దిగాం. లెక్చరరు గారు, నేను, కొత్తపేటలోనే బ్యాంకులో పనిచేసే గుమాస్తా ఒకాయన, ఇంకా ముగ్గురు. గుమాస్తా నాకంటే చిన్నవాడు. సెలవు దొరక్క రెండేళ్ళు ఆగి ఆ ఏడు వచ్చాడు. నేను సంచిలోంచి బూట్లు తీసి వేసుకున్నాను. కొన్న రోజు నుంచి అయిదు పొద్దులకు మించి వాటితో నడవలేదని ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. మొక్కు పేరు చెప్పి వట్టి కాళ్ళతో నడిచినవాడి బూట్లు కొత్తగా కాక ఎలా ఉంటాయి.

మొదటి అరగంట అందరికంటే ముందు నేనే. మా కాలువ గట్టు మీద నడిచే వేగంతోనే నడిచాను, నాకు తెలిసిన వేగం అదొక్కటే. పైగా మాట్లాడుతున్నాను. పటంలో గీతల సంగతి, గాలి ఎటు వీస్తే మబ్బు ఎలా పడుతుందన్న సంగతి. రెండో మలుపులో మాట మధ్యలో ఊపిరి అందలేదు. చెట్టు పట్టుకుని నిలబడ్డాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. కళ్ళ ముందు పసుపు చుక్కలు. గుమాస్తా నన్ను దాటుతూ, "గాలెటొస్తుందండీ మేస్త్రిగారూ?" అన్నాడు.

మూడో మలుపుకి మడమలు రాసుకుపోయాయి. నాలుగో మలుపులో మేజోడు తడిసి ఎర్రబడింది. బూట్లు విప్పి వట్టి కాళ్ళతో ఎక్కి చూశాను. మా బురదలో జారకుండా బొటనవేలు నొక్కి నడవడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఇక్కడ పలుగురాళ్ళు. వేలు నొక్కిన చోటల్లా రాయి దొర్లిపోయేది. మళ్ళీ బూట్లు వేసుకున్నాను. లెక్చరరు గారు నన్ను జట్టులో అందరికంటే ముందు నడవమన్నారు. నెమ్మదిగా నడిచేవాడు ముందుండాలని పుస్తకంలో కూడా ఉంది. అయిదుగురు నా వెనక ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తున్న చప్పుడు వింటూ నడవడం ఎలా ఉంటుందో మటుకు అందులో లేదు.

ఒంటిగంటకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలన్నది లెక్చరరు గారి నియమం. లేకపోతే దిగేసరికి చీకటి పడి బస్సు దొరకదు. ఒంటిగంట అయ్యేసరికి పైన మేం చేరాల్సిన కొండ గట్టు అంచు కనిపిస్తోంది. దాని మీద గడ్డి కదలడం కూడా కనిపిస్తోంది.

"ఇంకో అరగంటేనండి," అన్నాడు గుమాస్తా. "అదిగోనండి."

"అరగంట ఎవరికండీ? మీకా, ఈయనకా?"

"మీరెళ్ళండి. నేనిక్కడే ఉంటాను," అన్నాను. నిజంగానే అన్నాను.

"మనిషిని వదిలేసి వెళ్ళే పనైతే నేనీ పని చెయ్యనండి," అన్నారు లెక్చరరు గారు. అందరూ వెనక్కి తిరిగారు.

దిగడం తేలికనుకున్నాను. పుస్తకంలో దిగడం గురించి ఉన్న అధ్యాయాన్ని నేను చదవకుండా వదిలేశాను. ఎక్కినవాడికి దిగడం ఒకరు నేర్పాలా అనుకున్నాను. పావుగంటలో మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. ప్రతి అడుగుకీ పక్కనున్న కొమ్మ పట్టుకుని దిగాను. గుమాస్తా వెనక నుంచి వచ్చి నా సంచీ లాక్కుని భుజాన వేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. బస్సులో కూడా నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెళ్ళి వెనక కూర్చున్నాడు.

ఆ ఏడాది పొడుగునా రోజూ రెండుసార్లు సైకిలు మీద నా కొట్టు ముందు నుంచి వెళ్ళేవాడు. తల తిప్పేవాడు కాదు. నేను ఆయన్ని తప్పు పట్టలేదు. ఆయన రెండేళ్ళు ఆగి తెచ్చుకున్న రోజును నేను పాడుచేశాను. ఆ కోపం నాకు నా మీద ఎక్కువగా ఉండేది. లైబ్రరీకి వెళ్ళి దిగే అధ్యాయం చదివాను. మోకాలు కొంచెం వంచి ఉంచాలి, అడుగు చిన్నది వేయాలి, పాదం మొత్తం ఆనించాలి. చదివాను సరే, దిగడానికి ఎత్తు ఏదీ?

కొత్తపేటలో ఎత్తుగా ఉన్నది మంచినీళ్ళ ట్యాంకు ఒక్కటే. దాని మోటారు ఎప్పుడూ నేనే బాగుచేసేవాణ్ణి. వాచ్‌మన్‌ను తాళం అడిగాను.

"పైన ఏం పనండీ?"

"పనేం లేదండి. ఎక్కి దిగుతాను."

"ఎలాగూ దిగుతారు కదండీ. మరి ఎక్కడం ఎందుకు?"

"దిగడం కోసమేనండి."

ఆయన తాళం ఇచ్చాడు. బూట్లు వేసుకుని, వారానికి మూడు పొద్దులు, ఒక్కోసారి పదిసార్లు ఎక్కి దిగేవాణ్ణి. కింద జనం నిలబడి చూసేవాళ్ళు. ఎవరో నాకు మతి పోయిందన్నారట. ఈసారి ఎవరికీ ఏ కథా చెప్పలేదు. కొండెక్కడానికి నేర్చుకుంటున్నానన్నాను. నవ్వితే నవ్వారు.

మళ్ళీ శీతాకాలం వచ్చేసరికి లెక్చరరు గారు నన్ను పరీక్ష పెట్టకుండానే పిలిచారు. గుమాస్తా కూడా ఉన్నాడు. నేనున్నానని తెలిసి మానేస్తాడనుకున్నాను, మానలేదు. బస్సులో మాత్రం మాట్లాడలేదు. నేనూ నోరు మూసుకుని, చిన్న చిన్న అడుగులతో, మధ్యలో నడిచాను. కాలు పుండు కాలేదు. ఊపిరి అందుతూనే ఉంది. పన్నెండు దాటిన కాసేపటికి గట్టు అంచు మీదికి వచ్చేశాం.

మంచు. ఎటు చూసినా తెల్లగా మంచు. అవతల ఎన్ని కొండలున్నాయో, లోయ ఎంత లోతో, అసలు ఉందో లేదో. పది అడుగుల అవతల గడ్డి కూడా కనిపించడం లేదు. విడుతుందేమోనని ఒంటిగంట దాకా కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఎవరి మీదని చెప్పుకోవాలో తెలియలేదు.

గుమాస్తా వచ్చి నా పక్కన రాయి మీద కూర్చున్నాడు. చేత్తో ఆ తెలుపు చూపించాడు.

"దీనికోసమాండీ, మీతో ఏడాది మాట్లాడకుండా ఉన్నాను?" అన్నాడు.

"అలాగే ఉందండి."

సంచిలోంచి పులిహోర పొట్లం తీసి మధ్యలో విప్పాడు. అన్నం చల్లగా గట్టిపడిపోయింది. ఇద్దరం తిన్నాం. లెక్చరరు గారు లేచి గడియారం చూసుకున్నారు. ఒంటిగంటయింది.